మా ఊరి చర్చికి సైటొచ్చిన రోజు

ఓర్వకల్లు చుట్టుపక్కల మా పల్లెల్లో ఆ రోజుల్లో సైటు అంటే ఒకటే అర్థం ఉండేది. విమానాలు దిగుతాయంట, ఫ్యాక్టరీలు వస్తాయంట అన్న మాట పుట్టిందో లేదో, కంది చేలల్లో రంగు పూసిన రాళ్ళు లేచాయి. వాటి మధ్య నిలబడి తెల్ల చొక్కాల పెద్దమనుషులు తూర్పుకూ పడమరకూ వేళ్ళు చూపిస్తుండేవాళ్ళు. సరిగ్గా అప్పుడే నేను డిగ్రీ ముగించుకొని కర్నూలులో పనికి కుదిరాను. ఏం పని అని అడిగిన వాళ్ళందరికీ మా నాయన తనకు అర్థమైనంతలో, మా పాప సైట్లు చేస్తాంది అని చెప్పుకున్నాడు. ఇక నేను ఆదివారం ఊరికి వచ్చినప్పుడల్లా (బస్సు దిగి ఇల్లు చేరేలోపే) ఎవరో ఒకరు ఆపి, రోడ్డు పక్కనా లోపలికా, బోరు వేస్తే నీళ్ళు పడతాయా, కాగితాలు సక్రమంగా ఉన్నాయా అని విచారించేవాళ్ళు. నా సైటుకు నేల ఉండదని, అది కంప్యూటర్లో ఉంటుందని చెబితే, పాపం పిచ్చి పిల్ల, పట్నంలో ఎవరో మోసం చేశారని జాలిపడి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలిలో కొంత న్యాయం ఉందనే అనిపిస్తుంది. నేను చేస్తున్నదేమిటో అప్పటికి నాకు కూడా సరిగ్గా తెలియదు.

నాకు పని ఇచ్చినాయన కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో, ఒక సెల్‌ఫోన్ల అంగడి మీద చిన్న గదిలో ఉండేవాడు. ఆయన్ను అందరూ సాబ్ అనేవాళ్ళు, నేనూ సాబ్ అనేదాన్ని. వెబ్‌సైటు అంటే అర్థంకాని గీతలూ బ్రాకెట్లూ పేజీల కొద్దీ రాయాలని భయపడుతూ వెళ్ళిన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, "చూడమ్మా, ఎనకటి మాదిరి ఒక్కొక్క ఇటుక పేర్చుకుంటా కూచునే పని లేదిప్పుడు. ఇల్లు కట్టి పెట్టినారు. గోడలుండాయి, వాకిండ్లుండాయి. మనం సున్నం కొట్టుకొని, సామాన్లు సర్దుకొని కాపురం పెట్టేదే" అన్నాడు. ఆ కట్టిపెట్టిన ఇల్లు ఒక సాఫ్ట్‌వేరు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో, ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళు, తలా ఇంత చేసి ఊరికే వదిలేశారట. ఊరికే ఎందుకిస్తారు సాబ్ అని అడిగితే, ఆయన పైకి చూసి, అదే నాకూ తెలీదమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన నాకొక పాస్‌వర్డు ఇచ్చి, నీకిష్టం వచ్చింది రాసి చూడు అని నమాజుకు వెళ్ళాడు. నాకిష్టం వచ్చింది ఏముంటుంది? మా ఊరి పేరు తెలుగులో కొట్టి, పక్కనున్న నీలం బటన్ నొక్కి, అంగట్లో వాళ్ళ ఫోను అడిగి తెరిచి చూశాను. ఉంది. మా ఊరి పేరు బస్సు బోర్డు మీద కూడా లేదు (బస్సు మా ఊళ్ళోకి రాదు, మలుపు దగ్గర దింపేసి పోతుంది). మీసేవలో అడిగితే రెండుసార్లు చెప్పించుకొని తప్పుగా రాసుకుంటారు. అలాంటి పేరు ఇప్పుడు చైనాలో తెరిచినా కనిపిస్తుంది. చైనాలో ఎవరు తెరుస్తారన్న ఆలోచన నాకు రాలేదు. మూసి తెరిచాను, తెరిచి మూశాను, ఇంకొకరి ఫోను అడిగి తెరిచాను. సాబ్ నమాజు చేసుకొని వచ్చేసరికి కింద అంగట్లోని ఫోన్లన్నిటిలోనూ మా ఊరి పేరే ఉంది.

ఆ మరుసటి ఆదివారమే ఈ కథ మొదలైంది. మా ఊళ్ళో కొండరాళ్ళ కింద రాతి చర్చి ఒకటి ఉంది, తెల్లదొరల కాలం నాటిది. పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని గుడి అనే అంటారు. ఆ ఏడు దాని వార్షికోత్సవం ఘనంగా చేయాలనుకున్నారు. పాస్టరు అయ్యగారు, మన గుడికి కూడా ఒక వెబ్‌సైటు ఉంటే ఎట్లుంటుంది అని మా నాయనను అడగడం, నన్ను ఒక్క మాట అడగకుండానే మా నాయన ఒప్పేసుకోవడం ప్రార్థనకూ భోజనానికీ మధ్య జరిగిపోయాయి. సాబ్‌కు చెబితే సంతోషపడి, ఆ రోజు ప్రొజెక్టరు తీసుకొని తానే వస్తానన్నాడు. "బాగుంటే ఈ కుర్చీ నీదే" అని కూడా అన్నాడు. అప్పటికి నేనింకా పరీక్ష మీద ఉన్న మనిషిని. బాగుండకపోతే ఏమవుతుందో ఆయన అనలేదు కానీ నాకు తెలుసు. ఇంట్లో మా అమ్మ, ఇద్దరు మేనత్తలూ నన్ను టీచరు ట్రైనింగులో చేర్చాలని కాచుకొని ఉన్నారు. మా నాయన ఒక్కడే వాళ్ళకు అడ్డుగా నిలబడి ఉన్నాడు, అదీ కంప్యూటరంటే ఏమిటో తెలియకుండా, కేవలం నా మొహం చూసి.

ఆ సాఫ్ట్‌వేరులో తయారు ముస్తాబులు దొరుకుతాయి. నచ్చింది ఎంచుకుంటే సైటంతా ఆ వేషం వేసుకుంటుంది. నేను ఎంచుకున్నది ఏదో విదేశీ కంపెనీకి కుట్టిన చొక్కా. ఎట్లుంటుందో చూపించడానికని దాంట్లో ముందే కొన్ని ఫొటోలు పెట్టి ఉన్నారు: పైన ఒక అద్దాల మేడ, దాని కింద కరచాలనం చేస్తున్న చేతులు, అడుగున వరుసగా నలుగురు తెల్లవాళ్ళు, నవ్వుతూ. వాళ్ళ కింద జాగా ఖాళీగా కనపడకుండా అర్థం పర్థం లేని లాటిన్ ముక్కలు. నేను అద్దాల మేడ తీసి మా రాతి చర్చిని పెట్టాను. కరచాలనం తీసి ప్రేమ విందులో అందరూ వరుసగా కూర్చొని తింటున్న ఫొటో పెట్టాను. 'మా బృందం' అని ఇంగ్లీషులో ఉన్నచోట 'మన సంఘ పెద్దలు' అని రాసి, అంతవరకు నీలం బటన్ నొక్కి లోకానికి వదిలాను. ఆ తర్వాత పెద్దల ఫొటోల దగ్గరే పని ఆగిపోయింది. ముఖ్యంగా గంట మామ దగ్గర. (ప్రతి ఆదివారం గంట కొట్టేది ఆయనే కాబట్టి ఊరంతటికీ గంట మామ.) ఎద్దును పట్టుకొని నిలబడిన ఫొటో తప్ప ఆయనకు ఇంకొకటి లేదు. ఎద్దును కత్తిరిస్తానంటే వద్దన్నాడు. అది పక్కన లేకుంటే నేనెవరో ఎవరికి తెలుస్తుంది అన్నాడు. చివరికి ఎద్దుతో సహా పెద్దలందరినీ శనివారం మధ్యాహ్నం పాస్టరుగారి ఇంట్లోని కంప్యూటర్లో సర్దాను. కరెంటు పోయేలా ఉంటే గబగబా దాచిపెట్టే బటన్ నొక్కి, హమ్మయ్య అనుకున్నాను. ఆ సాఫ్ట్‌వేరులో దాచిపెట్టడం వేరు, ప్రచురించడం వేరు. దాచిపెట్టింది నాకు మాత్రమే కనిపిస్తుంది, ప్రచురిస్తేనే లోకానికి కనిపిస్తుంది. ఈ తేడా సాబ్ నాకు చెప్పే ఉన్నాడు. నాకు కనిపించాక ఇక లోకానికేం తక్కువ అనుకున్నానేమో.

ఆదివారం చర్చి నిండిపోయింది. కిటికీలకు కంబళ్ళు కట్టి చీకటి చేశారు. పాస్టరమ్మగారు తన కొత్త దుప్పటి ఇస్తే గోడకు తెరలా బిగించారు. మా ఊళ్ళో సిగ్నలు కొండవైపు కిటికీ దగ్గర మాత్రమే వస్తుంది కాబట్టి నా ఫోనును అక్కడ పెట్టి, గాలికి పడిపోకుండా గంట మామను కాపలా ఉంచారు. సాబ్ చెప్పులు బయట విడిచి, ప్రొజెక్టరు పక్కన చాప మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. కర్నూలు నుంచి వచ్చిన పెద్దయ్యగారు (మా పాస్టరు లాంటి వాళ్ళు చాలామందికి పైన ఆయన) వెబ్‌సైటు కోసం ప్రార్థన చేశారు. దానికి ప్రార్థన చేయడం అదే మొదటిసారేమో, దేనినని దీవించాలో తెలియక రెండు మూడు చోట్ల ఆగారు. తర్వాత నేను చూపించిన చోట వేలు పెట్టి నొక్కారు.

నెట్టు నెమ్మది కావడం వల్ల ఫొటో ఒక్కసారిగా రాలేదు. పైనుంచి కిందికి దిగింది. ముందు ఆకాశం, తర్వాత కొండరాళ్ళు, తర్వాత గంట గోపురం, తర్వాత రాతి గోడలు. మన గుడే, అని ఎవరో అన్నారు. జనమంతా గుడిలోపల కూర్చొని గుడిని బయటినుంచి చూస్తున్నారు. ఆడవాళ్ళ వైపు కొందరు తెరను చూసి, వెనక్కి తిరిగి గోడలను చూసి, మళ్ళీ తెరను చూశారు. మా నాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడితో ఆపేసి ఉంటే ఎంత బాగుండేదో. కానీ నేను పేజీని కిందికి జరిపాను.

'మన సంఘ పెద్దలు' అన్న అక్షరాల కింద నలుగురు తెల్లవాళ్ళు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ వచ్చారు.

అసలు పెద్దల్లో ముగ్గురు ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాలు తొడుక్కొని కూర్చొని ఉన్నారు. కిటికీ దగ్గర నుంచి గంట మామ, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు: "పాపా, ఈ పెద్దలు యా ఊరోళ్ళు?" పెద్దయ్యగారు కళ్ళద్దాలు సవరించుకొని ఫొటోల కిందున్న ముక్కలు చదవబోయి, లాటిన్ మాదిరి ఉందే అని పాస్టరుగారితో మెల్లగా అన్నారు. పాస్టరుగారు తానే చెప్పి రాయించినట్టు తల ఊపారు. ఏం నొక్కాలో తోచక నేను మౌసు తిప్పుతుంటే తెరమీద బాణం ఆ తెల్లవాళ్ళ ముక్కుల చుట్టూ ఈగలా తిరిగింది. వెనక వరుసలో మా మేనత్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు కనపడింది. అప్పుడు చాప మీద నుంచి సాబ్, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, "దాచిపెట్టి వదిలేసినావేమో చూడమ్మా" అన్నాడు. చూశాను. నలుగురు పెద్దలూ, ఎద్దూ లోపల భద్రంగా ఉన్నారు. ప్రచురించే బటన్ నొక్కాను. తెల్లవాళ్ళు నలుగురూ మాయమై, ఇస్త్రీ చొక్కాల వాళ్ళు ఒక్కొక్కరే పైకి తేలారు. చప్పట్లు మోగాయి. గంట మామ కాపలా మరిచి తెర దాకా వచ్చి, తన మొహం కంటే ముందు ఎద్దును చూసుకొని, బాగా వచ్చినాది అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

ఆ చప్పట్లు సద్దుమణిగాక, ఆడవాళ్ళ వైపు నుంచి మేకలవ్వ లేచి నిలబడింది. మేకలవ్వకు ఊళ్ళో అందరికంటే వయసు ఎక్కువ. చిన్నప్పటి నుంచీ మేకలు కాసిన మనిషి. చర్చిలో పాట పాడటం తప్ప ఆమె నోరు తెరవగా ఎవరూ వినలేదు.

"పాపా, ఆమెను యాడికి పంపిస్తివి?"

ఎవరిని అవ్వా అన్నాను.

"మా దొరసానమ్మను. ఇప్పుడే గదా వొచ్చినాది. నేను కండ్లారా చూసుకునే లోపలే పంపిచ్చేస్తివి."

ఆ నలుగురిలో నెరిసిన జుట్టు, కళ్ళద్దాలు ఉన్న పెద్దావిడ ఒకామె ఉంది. ఒకప్పుడు మా ఊళ్ళో బడి పెట్టిన తెల్ల దొరసాని ఒకామె ఉండేదని విని ఉన్నాను కాబట్టి నాకు విషయం అర్థమై, దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మన దొరసాని కాదవ్వా, ఆమె ఎవరో నాకూ తెలియదు, చూపించడానికి కంప్యూటరు వాళ్ళు పెట్టిన బొమ్మ అని. అవ్వ నన్ను కింది నుంచి పైకి చూసి, నీకెట్ల తెలుస్తుంది, అప్పటికి మీ నాయన కూడా పుట్టలేదు అంది. జనం నవ్వారు. పెద్దయ్యగారు మాత్రం నవ్వలేదు. ఆ ఫొటోను మళ్ళీ తెప్పించగలవా తల్లీ అని అడిగారు.

ఆ సాఫ్ట్‌వేరు మనం ఏదైనా మార్చినప్పుడల్లా పాతదాన్ని కూడా ఒక పక్కన ఉంచుతుందని సాబ్ ఎప్పుడో చెప్పాడు. నేనెన్నడూ వాడలేదు. వెతికితే నిజంగానే వరుసగా ఉన్నాయి, ఆ పేజీ నిన్న ఎలా ఉందో, అంతకు ముందు ఎలా ఉందో. పాతదాన్ని ఎంచుకొని నొక్కాను. దొరసాని నవ్వుతూ తిరిగి వచ్చింది. అవ్వ నడుచుకుంటూ తెర దగ్గరికి వెళ్ళింది. ప్రొజెక్టరుకు అడ్డం రావడంతో ఆ తెల్లావిడ మొహం సగం దుప్పటి మీద, సగం అవ్వ వీపు మీది తెల్ల చీర మీద పడింది. అవ్వకు అది తెలియదు. దుప్పటి మీది చెంపను వేలి కొసతో తాకి, "పోయినోళ్ళను మళ్ళా తెచ్చేది గూడా ఉండాదా దాంట్లో" అంది. ఎవరినీ అడిగినట్టు కాదు.

ఆ తర్వాత, తెర వైపే మొహం పెట్టుకొని, ఆమె చెప్పింది. అది కరువు ఏడు. బావులెండిపోతే కొండరాళ్ళ సందున చెలమ తోడుకొని, మేకలకు నీళ్ళు పెడుతూ ఈమె ఒక్కతే ఉందట, పదేళ్ళు కూడా నిండని పిల్ల. అప్పుడు గొడుగు పట్టుకొని దొరసాని ఆ దారిన నడిచి వచ్చింది. దొరసానికి తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నదే తప్ప వేరే రాదు. ఆ పుస్తకాల్లో నువ్వు అన్న మాట లేదేమో మరి.

"అమ్మాయిగారూ, మీరు నాకు కొంచెం నీళ్ళు ఇవ్వగలరా అనింది. నా ఎనకాల ఎవురన్నా పెద్దోళ్ళుండారేమో అని తిరిగి చూసినా. మేకలుండాయి."

జనం మళ్ళీ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. ఆ దొరసాని మేకలను కూడా మీరు పక్కకు జరగండి అనేదట, కుక్క వెంటపడితే మీరు వెళ్ళిపొండి అనేదట. బడి పెట్టి పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ మీరు మీరు అని పిలుస్తుంటే, వీళ్ళు ఇంటికి పోయి ఒకరినొకరు అట్లా పిలుచుకొని పడీపడీ నవ్వేవాళ్ళట. రెండేళ్ళకు జ్వరం వచ్చి ఆమె వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. మేకలవ్వ అంతవరకు చెప్పి ఆగింది. ఇక కూర్చుంటుందనుకున్నాం.

"నగుతారు మీరు, నగండి. నన్ను మాత్రం ఆ యమ్మ తప్ప ఇంగెవురూ అట్ల పిల్చలేదు. కూలికి పిల్చినోళ్ళు పిల్చలేదు, ఆస్పత్రిలో పిల్చలేదు, కట్టుకున్నోడు పిల్చలేదు. ఒగ యమ్మ పిల్చింది. ఆమె మొగం ఒగసారి చూసుకోనీ."

నేను పుట్టినప్పటి నుంచి ఆ అవ్వను చూస్తున్నాను. దారిలో మేకలు అడ్డమొస్తే, ఏయ్ అవ్వా, పక్కకు జరుగు అని నేనూ అని ఉంటాను. గుడి నిండా నాలాంటి వాళ్ళమే కూర్చొని ఉన్నాం. పెద్దయ్యగారు లేచి, తాను కూర్చున్న కుర్చీని (ఎర్ర గుడ్డ పరిచిన కుర్చీ, ముఖ్య అతిథిది) కొంచెం ముందుకు జరిపి, "మీరు ఇట్ల వచ్చి కూర్చోండమ్మా" అన్నారు.

మేకలవ్వ వెనక్కి తిరిగి చూసింది. వెనకాల నేనున్నాను.

ఆ రోజు వండిన అన్నం చల్లారిపోయింది. అవ్వ కూర్చున్న తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఈ గోడల రాళ్ళు మా తాత భుజం మీద మోసినవే అని ఒకరు, గంట మొదటిసారి మోగినప్పుడు ఎద్దులు బెదిరి బండి బోల్తా పడిందని గంట మామ, ఎన్నడూ వినని సంగతులు. నేను వాటన్నిటినీ అక్కడికక్కడే టైపు చేస్తూ పోయాను. నొక్కిన ప్రతిసారీ వాళ్ళ మాటలు వాళ్ళ కళ్ళ ముందే తెరమీదికి వస్తుంటే, చదువు రాని వాళ్ళు కూడా మాదేనా అది, ఏ వరుస మాది అని అడిగి చూసుకున్నారు. లాటిన్ ముక్కలున్న జాగాలన్నీ అట్లా నిండాయి. సాబ్ వెళ్ళేటప్పుడు మా నాయనతో చేయి కలిపి, నాతో మాత్రం, దాచిపెట్టేదేదో ప్రచురించేదేదో రేపు మళ్ళీ చెబుతాను, పెందలాడే రా అన్నాడు. కుర్చీ నాదేనని అర్థం చేసుకోవడానికి నాకు కర్నూలు చేరేదాకా పట్టింది. మేనత్తలు ట్రైనింగు మాట మళ్ళీ ఎత్తలేదు.

మేకలవ్వ గురించి ఆ సైటులో రాసేటప్పుడు నేను, ఆమె మేకలు కాసేవారు, ఆమె చెలమ తోడేవారు అని రాశాను. గంట మామ చదివించుకొని విని, ఈ యమ్మ ఎవరు, కర్నూలామెనా అని అడిగాడు.

కొన్నాళ్ళకు పాస్టరుగారికి పాత ఇంటి అటక మీద అసలు ఫొటో ఒకటి దొరికింది. బడి పిల్లలు నేలమీద వరుసలుగా కూర్చొని ఉన్నారు, వెనక టోపీ పెట్టుకున్న పొడవాటి తెల్లావిడ ఎండకు మొహం చిట్లించుకొని నిలబడి ఉంది. సంబరంగా తీసుకెళ్ళి అవ్వ చేతికిచ్చాను. ఆమె చాలాసేపు చూసి, రెండో వరుస చివర గొరిగిన తల పిల్ల మీద వేలు పెట్టి, ఇది నేనే అంది. తన చిన్నప్పటి మొహం తాను చూసుకోవడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. కళ్ళు పెద్దవి చేసి, ఇంత ఉంటినా నేను అంది. మరి వెనకనున్నామె అని అడిగితే, ఒకసారి చూసి, "ఈమెవురో కోపిష్టిది, టీచరమ్మ గాబోలు. మా దొరసాని కంప్యూటర్లో ఉండాది గదా" అని ఫొటో తిరిగి ఇచ్చేసింది.

ఇప్పుడు నేను కడపలో ఉంటున్నాను. కాలేజీలవీ ఆస్పత్రులవీ ఎన్నో సైట్లు నా చేతికింద నడుస్తాయి. ముస్తాబుతో వచ్చిన బొమ్మలను అన్నిటికంటే ముందు తీసేయాలని కొత్తగా చేరిన వాళ్ళకు నేనే కఠినంగా చెబుతాను. మేకలవ్వ పోయారు. మా చర్చి సైటుకు ఇప్పటికి ఎన్నోసార్లు వేషం మార్చాను. మార్చిన ప్రతిసారీ గొరిగిన తల పిల్ల ఉన్న పాత ఫొటో పక్కన ఆ నెరిసిన జుట్టు పెద్దావిడ ఫొటోను కూడా నేనే జాగ్రత్తగా తెచ్చి పెడుతున్నాను. ఎక్కడో ఏదో దేశంలో, ఫొటో దిగి ఇంటికి వెళ్ళి మరిచిపోయిన ఆ మహాతల్లికి తెలియదు, ఓర్వకల్లు దగ్గర కొండరాళ్ళ కింద తనకొక బడి ఉందని.

మొన్న మా ఆఫీసులో పక్క సీటామె ఆ పేజీ చూసి, ఈ బొమ్మ వేరే చోట కూడా చూసినట్టున్నానే, ఏదో పళ్ళ డాక్టరు సైటులో, ఎవరీమె అని అడిగింది. నేను వేరే పనిలో ఉండి, తల ఎత్తకుండానే, మా దొరసానమ్మ అన్నాను. అనేశాక నాకే నవ్వొచ్చింది. ఒక బటన్‌కు బదులు ఇంకో బటన్ నొక్కి, గుడి నిండా జనం ముందు దిక్కుతోచక నిలబడ్డ ఆ పిల్ల గుర్తుకొచ్చింది. ఆ రోజు ఆ పిల్ల తన పని సరిగ్గా చేసి ఉంటే, ఆ పేజీలో ఇవాళ నలుగురు పెద్దలూ ఒక ఎద్దూ మాత్రమే ఉండేవాళ్ళు.